దీపం వంతు

జీపు వాకిట్లో ఉరుముతోంది. ఎటు తిరగాలో ఇంకా తేలలేదు.

వసారాలో నులకమంచం మీద మునీశ్వరి పడుకుని ఉంది. కుడిచెయ్యి పట్టె మీద నుంచి వేలాడుతోంది. ఎవరో ఎత్తి పక్కన పెడతారు. మళ్లీ జారుతుంది. నోరు ఒక పక్కకు లాగేసింది. మాట లేదు. కళ్లు మాత్రం ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తిరుగుతున్నాయి.

నిన్న మదనపల్లెలో తలకు స్కానింగు తీశారు. తలలో రక్తం చిమ్మిందన్నారు. ఇది మా చేత కాదు, ఆలస్యం చేయకుండా కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపొండి అన్నారు. మొగుడు మురళీధర్ సరేనన్నాడు. కుప్పం పోలేదు. పెళ్లాన్ని ఇంటికి తెచ్చాడు. అమ్మను అడగాలి కదా.

"పక్షవాతానికి ఇంగ్లీషు మందు యాడన్నా ఉండాదా?" అంది ఈశ్వరమ్మ. "గుట్టకింద పల్లెలో పసరు పోస్తారు. ఎంతమంది లేచి నడిసినారో నాకు తెలుసు. ఆడికి తోలుకోని పోదాం."

"ఆ పసరు తాగితే ఆసుపత్రి మందు ముట్టుకోకూడదంటారే మా."

"ముట్టుకోవద్దు. నిన్నెవురు ముట్టుకోమనిరి?"

పుంగనూరులో మురళీధర్‌కు మోటార్ల షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి ముందు పెడితే, తీగ ఎక్కడ మాడిందో వాసన చూసి చెబుతాడు. రైతులు దండం పెడతారు. ఇంట్లో మాత్రం తల్లి మాట మీద మాట ఎత్తి ఎరగడు.

జీపు పక్క నుంచి కొండప్ప లోపలికి వచ్చాడు.

మునీశ్వరి తండ్రి. తంబళ్లపల్లె దగ్గర మెట్ట పల్లె. మొదటి బస్సుకు మదనపల్లె దిగి ఆసుపత్రికి పోతే కూతురి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి పెట్టి ఉంది. ఆ మడిచిన దుప్పటి చూసి ఆయన ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తీసుకుపోయారని ఆయా చెబితే మళ్లీ బస్సెక్కి, పెద్దపంజాణి దగ్గర దిగి, నడిచి వచ్చాడు.

కూతురి తల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఎడమచేత్తో ఆయన పంచె అంచు పట్టుకుంది.

"ఏమైంది?"

"మెట్ల మీద జారి పడింది మామా," అన్నాడు మురళీధర్.

"ఏ మెట్లు?"

"మిద్దె మెట్లు."

"మిద్దె మీద ఏం పని?"

"వడియాలు ఎండబెట్టను పోయింది," ఈశ్వరమ్మ అందుకుంది. "అడిగేదానికి వేళాపాళా లేదా కొండప్పన్నా? బిడ్డ పరిస్థితి సూడు ముందు."

కొండప్ప చూశాడు. వేళ్లు జుట్టులోకి పోనిచ్చి తలంతా తడిమాడు. చెవుల వెనక, మెడ కింద, నడినెత్తి. మోచేతులు చూశాడు. మోకాళ్లు చూశాడు.

"బొప్పి లేదు."

ఆమె అరచేతులు తిప్పి చూశాడు.

"గీత లేదు. కమిలింది లేదు. మిద్దె మీంచి పడిన మనిషికి చర్మం కూడా లేవదా?"

"పైన కనపడదు. లోపల తగులుంటాది," అంది ఈశ్వరమ్మ.

"తగిలిందా, తగిలిచ్చినారా?"

"మామా, మర్యాదగా మాట్లాడు."

"మర్యాద నీ షాపులో పెట్టుకోప్పా. కొట్టినావా? కొట్టుంటే కొట్టినానని చెప్పు. ఏ తావ కొట్టినావో డాక్టరుకన్నా తెలియల్ల."

"గంగమ్మ తోడు, చెయ్యెత్తలేదు మామా."

ఆ మాట నిజమే. మురళీధర్ చెయ్యెత్తలేదు. మునీశ్వరి మెట్ల మీద పడనూ లేదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. మూడో మనిషి మంచం మీద ఉంది. ఆమెకు నోరు పోయింది.

మునీశ్వరికి రెండేళ్లుగా ముట్టయి బయట ఉన్నప్పుడు నెత్తురు ఆగేది కాదు. గర్భసంచిలో గడ్డలున్నాయని మదనపల్లె లేడీ డాక్టరు చెప్పింది. నెత్తురు ఆపడానికి కొద్ది రోజులకు బిళ్లలు రాసింది. అయిపోగానే రమ్మంది, తలనొప్పి వస్తే ఆపేసి రమ్మంది. బిళ్లలు మింగితే ముట్టు ఆగిపోతుందన్న ఒక్క ముక్కే ఈశ్వరమ్మ చెవిన పడింది.

ఆ ఊరి గంగమ్మ జాతరలో మొదటి పిండిదీపం ఎత్తేది పెద్దింటి కోడలు. ఆ పొద్దుకు ఆమె బయట ఉంటే దీపం చిన్నింటి కోడలి నెత్తికి పోతుంది. పోయిన వంతు తిరిగి రాదు. జబ్బు చేసి, పడి, లేవలేకపోతే అది తప్పు కాదు. ఆ ఏడు పూజారి ఎత్తుతాడు, వంతు ఇంట్లోనే ఉంటుంది. బిళ్లతో ముట్టు ఆపి అమ్మవారిని మోసం చేస్తే మాత్రం ఇల్లే దీపానికి దూరమవుతుంది.

ఈ ఏడు జాతర మొదట ఎలక్షన్లని ఆగింది. పోలీసులు పర్మిషన్ ఇవ్వలేదు. తర్వాత పూజారి ఇంట్లో చావు వచ్చి మరీ వెనక్కి పోయింది, ఇప్పటికీ కాలేదు. జాతర వెనక్కి జరిగిన కొద్దీ బిళ్లలు సాగాయి. పైగా ఒక్క పొద్దులు. ఎండాకాలం. పగలంతా నీళ్లు కూడా తాగకూడదు. తలనొప్పి అని మునీశ్వరి ఎన్నిసార్లు చెప్పిందో మొగుడికి తెలుసు. దీపం దింపినాక ఆసుపత్రికి పోదాంలే అని ఎన్నిసార్లు అన్నాడో అది కూడా అతనికే తెలుసు.

మొన్న వంటింట్లో సంగటి కెలుకుతూ కర్ర వదిలేసింది. చెయ్యి బిగుసుకుని కొట్టుకుంది. నురగ వచ్చింది. అంతే. మెట్లు లేవు, వడియాలు లేవు.

పక్క గోడ మీద నుంచి ఒక తల లేచింది. చిన్నింటి రామలక్ష్మమ్మ. ఈశ్వరమ్మ తోడికోడలు. ఈ రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే, మాటలు మాత్రం జాతరకూ చావుకూ.

"ఇంగా ఈడనే పెట్టుకోనుండారా అక్కా? కుప్పం పోతామంటిరే."

"పోతాండాం. నీకేం తొందర?"

"నాకేం తొందర. బిడ్డ కండ్లు సూడు, ఎట్ల సూస్తాందో."

కొండప్ప లేచాడు. ఎవరినీ అడగలేదు. కూతురి మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాడు. అరవై దాటిన మనిషి. మురళీధర్ సాయానికి వచ్చాడు.

"తాకబాక," అన్నాడు కొండప్ప.

జీపు వెనక సీట్లో కూతుర్ని పడుకోబెట్టి, తల తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"కుప్పం," అన్నాడు డ్రైవరుతో.

ఈశ్వరమ్మ చెప్పులేసుకుని ఎక్కింది. ఎక్కి చూస్తే ఎదురు బల్ల మీద రామలక్ష్మమ్మ కూర్చుని ఉంది. గోడ ఎప్పుడు దాటిందో.

"నువ్వు యాడికి?"

"తోడు. బిడ్డను తిప్పల్ల, పొర్లించల్ల. నీ మోకాళ్లకు అయ్యే పనా అక్కా అది?"

దిగమనడానికి ఈశ్వరమ్మకు కారణం దొరకలేదు. దొరికిన కారణం నోటితో అనేది కాదు.

*

జీపు పలమనేరు దాటింది.

ఎండ టార్పాలిన్ గుండా దిగుతోంది. కొండప్ప తుండు తడిపి కూతురి నుదుటి మీద వేశాడు. అది ఎండిపోతే మళ్లీ తడిపాడు.

"మిద్దె మెట్ల మీద పడిందంటిరే," అంది రామలక్ష్మమ్మ, బయటికి చూస్తూ. "ఆ పొద్దు నేను మా వాకిట్లోనే సెనక్కాయలు ఒలస్తా ఉంటి. మీ మెట్లు నాకు ఎదురుగానే ఉండాయి."

"నీ కండ్లు ఎప్పుడూ మా మిద్దె మీదేనా?"

"కనపడేది సూడకుండా ఎట్లుండేది?"

"అయితే సూసినావా, పడింది?"

"లేదు. అందుకే అడగతాండా."

"తల తిప్పుకోనుంటావు. అదేమన్నా సినిమానా, పడతాండా సూడండని పిల్చి పడేదానికి?"

ముందు సీట్లో డ్రైవరు నవ్వబోయి ఆగాడు. మురళీధర్ అద్దంలో వెనక్కి చూస్తున్నాడు.

మునీశ్వరి కదిలింది. ఎడమచెయ్యి పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నోటి దగ్గరకు తెచ్చుకుంది. పెదాల మీద పెట్టింది. గొంతు మీదుగా కిందికి గీసింది.

"దప్పికా మా?" అన్నాడు కొండప్ప.

సీసా మూత తీసి కొంచెం నీళ్లు పోశాడు. అవి పెదవి చివర నుంచి కారిపోయాయి. పొలమారింది. దగ్గింది. ముఖం ఎర్రబడింది. కొండప్ప భయపడి సీసా కింద పెట్టేశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ రెండు వేళ్లూ కలిపింది. నోరు. గొంతు. ఈసారి కళ్లు తండ్రి మీద లేవు. అద్దం మీద ఉన్నాయి.

"ఆకలా? ఏం కావల్ల తల్లీ? నాకు తెలీడంలేదే."

అద్దంలో మురళీధర్‌కు తెలిసింది. ఆ రెండు వేళ్ల నడుమ ఏముందో అతనికి కనిపించినంత బాగా ఇంకెవరికీ కనిపించదు. రెండోసారి, మూడోసారి ఆ బిళ్లలు కొనుక్కొచ్చింది అతనే. డాక్టరు చీటీ లేకుండా, ఖాళీ రేకు చూపించి.

చెప్పవచ్చు. జీపులో ఉన్నది ఆరుగురే. ఒక్క మాట.

అతను అద్దాన్ని పక్కకు తిప్పాడు.

"ఎండ కంట్లో కొడతాంది," అన్నాడు డ్రైవరుతో.

మునీశ్వరి చెయ్యి కిందికి దిగింది. కళ్లు మూసుకుంది. కంటి చివర నుంచి ఒక చుక్క కొండప్ప పంచె మీద పడింది. వి.కోట వచ్చింది, పోయింది.

*

కుప్పం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నారాయణస్వామి. కోపిష్టి అని పేరు. మదనపల్లె స్కానింగు షీటును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. మునీశ్వరి కళ్లలో లైటు వేశాడు. అరికాలు గీశాడు.

"ఎప్పుడైంది?"

"మొన్న పొద్దన్నే సార్," అన్నాడు మురళీధర్.

"మొన్ననా? ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

డాక్టరు ఆమె కుడిచెయ్యి ఎత్తి వదిలాడు.

"ఏం జరిగింది?"

"మెట్ల మీద పడింది సార్."

"దెబ్బ ఎక్కడ?"

"నేనూ అదే అడగతాండా సార్," అన్నాడు కొండప్ప. "నా బిడ్డను వీళ్లు ఏమో చేసినారు. ఏం చేసినారో చెప్పరు."

"నువ్వు గమ్మునుండు అన్నా!" ఈశ్వరమ్మ గొంతు లేచింది. "ఊరూరా మా పరువు తీస్తావా?"

"పరువు మంచం మీద పడుకోబెట్టి, నా బిడ్డను లేపు. చాలు."

"ఆపండి," అన్నాడు డాక్టరు. షీటు బల్ల మీద పడేశాడు. "వినండి. తలలో రక్తం చిమ్మింది, నిజమే. ఎందుకు చిమ్మిందన్నది తెలియాలి. దెబ్బ తగిలి చిమ్మితే ఒక వైద్యం. తలలోంచి రక్తం కిందికి దిగే నరంలో గడ్డ కట్టి, దారి లేక వెనక్కి తన్ని చిమ్మితే దానికి వేరే వైద్యం. గడ్డ అయితే రక్తం పలచబడే సూది వెంటనే పడాలి. దెబ్బ అయితే అదే సూది మనిషిని చంపేస్తుంది. అర్థమైందా?"

అర్థమైంది. మురళీధర్ తల్లి వైపు చూశాడు. తల్లి రామలక్ష్మమ్మ వైపు చూసింది. రామలక్ష్మమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి డాక్టరు నోటి వైపే చూస్తోంది.

"స్కానింగులో తెలీదా సార్?" అన్నాడు కొండప్ప.

"ఆ నరాలు చూపే స్కానింగు మన దగ్గర లేదు. వేలూరు పంపాలి. దారిలో మళ్లీ ఫిట్స్ వస్తే చేరకపోవచ్చు. గడ్డ అని నాకు నమ్మకం కుదిరితే సూది ఇక్కడే మొదలుపెట్టి పంపుతాను. మీరేమో పడింది అంటున్నారు."

ఆయన కొండప్ప వైపు తిరిగాడు.

"వాళ్లమ్మ ఉందా?"

"లేదు సార్. ఈ బిడ్డ పుట్టిన నెలలోపే పోయింది."

"ఎలా?"

"కాలు వాచింది సార్. తొడ కాడికి. బాలింతకు నీరు దిగిందనిరి. వేపాకు కట్టిరి. లేచి నిలబడింది, ఊపిరాడ్డంలేదనె. పడిపాయ."

డాక్టరు చేతిలోని పెన్ను ఆగింది.

"కాలు వాచింది. తర్వాత ఊపిరి ఆడలేదు."

"ఔను సార్."

ఆయన కుర్చీ మంచం దగ్గరకు లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఈమెకు నెలసరి సరిగా వస్తుందా? ఏమైనా ఇబ్బంది ఉందా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు మురళీధర్.

"ఉండాది," అన్నాడు కొండప్ప. "నెత్తురు పోతాంది రెండేళ్లుగా. గడ్డలుండాయని మదనపల్లెలో చెప్పినారు. నాతో చెప్పి ఏడిసింది."

"లేదన్నావేమయ్యా?"

"మరిచిపోయినా సార్."

"పెళ్లాం నెత్తురు పోయేది మరిచిపోయావు. సరే. దానికి బిళ్లలేమైనా వాడిందా? నెత్తురు ఆగడానికి. నెలసరి వెనక్కి జరగడానికి. గర్భం రాకుండా. ఏవైనా?"

పక్క వార్డులో ఎవరో పళ్లెం కింద పడేశారు. అది గిరగిరా తిరిగి ఆగిపోయే దాకా అందరికీ వినపడింది.

"లేదు సార్," అన్నాడు మురళీధర్.

మంచం మీద మునీశ్వరి చెయ్యి లేచింది. ఎడమచెయ్యి. రెండు వేళ్లు కలిశాయి. నోరు. గొంతు.

డాక్టరు చూశాడు.

"ఏదో మింగినట్టు చూపిస్తోంది. ఏమ్మా, బిళ్లలా?"

ఆమె కళ్లు మూసి తెరిచింది. తల కిందికి వంచింది. మెడ నిలవక అలాగే ఉండిపోయింది.

"తలనొప్పికి సార్," అన్నాడు మురళీధర్. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది. "తలనొప్పి బిళ్ల వేసుకునింది. అదే చెప్తాంది."

కొండప్ప అతని వైపు చూశాడు. జీపు గుర్తొచ్చింది. దప్పికా అని తను అడగడం, అద్దం పక్కకు తిరగడం. ఏదో ఉందని తెలిసింది. ఏముందో తెలియలేదు. అల్లుడి చొక్కా పట్టుకున్నాడు.

"నా బిడ్డ ఏం చెప్తాంది? చెప్పు. ఏం చెప్తాంది?"

"వదులు మామా."

"తలనొప్పి బిళ్ల అంటున్నావు," డాక్టరు లేచాడు. "మొగుడు నువ్వు. నీ మాటే రాసుకోవాలి నేను. పడింది, దెబ్బ. సూది వెయ్యను. వేలూరు చీటీ రాస్తాను, తీసుకుపొండి. చేరితే చేరుతుంది."

పెన్ను మూత తీశాడు.

ఈశ్వరమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఇంతసేపూ కూర్చోలేదు. అత్త పోయేటప్పుడు దీపం పళ్లెం తన చేతికిచ్చి, మన ఇల్లు దాటనీబాక అని చెప్పింది. ఆ మాట మీద బతికింది. ఆ మాట కోసం కోడలి గొంతులో పూటపూటా బిళ్ల వేసి నీళ్లు పోసింది. ఇప్పుడు ఆ మాట తప్పాల్సిన చోటు మరీ చెడ్డచోటు. ఎదురుగా చిన్నింటి మనిషి చెవులు పెట్టుకుని నిలబడింది.

కోడలి చెయ్యి మళ్లీ లేచింది. సగం దాకా వచ్చి పడిపోయింది.

"మింగింది," అంది ఈశ్వరమ్మ.

పెన్ను ఆగింది.

"మా!" అన్నాడు మురళీధర్.

"నువ్వు నోరు ముయ్యి. మింగింది సార్. పడలేదు. మెట్లు లేవు, పాడూ లేదు. ముట్టు రాకుండా బిళ్లలు మింగింది. నేనే మింగిస్తి. జాతర ఎనక్కి జరిగే కొద్దీ మింగిస్తా వస్తి. తలకాయి నొప్పంటే ఒక్క పొద్దుకు నొప్పిలే అంటి. వాడు తెచ్చిచ్చె."

"ఎన్నాళ్లు?"

"నెల దాటె సార్. రెండు నెల్లు ఉంటాదేమో."

డాక్టరు ఒక మాట తిట్టాడు. ఎవరినో తెలియలేదు. నర్సును పిలిచాడు. ఆమె పరుగున వచ్చింది, ఆయన చెప్పింది విని పరుగున పోయింది.

"అదీ సంగతి. వంట్లో రక్తం లేని మనిషి. నీళ్లు లేని ఒంటిపొద్దులు. తల్లి వైపు నుంచి గడ్డ కట్టే రక్తం అయి ఉండొచ్చు. దాని మీద ఈ బిళ్లలు. నిన్న ఈ ముక్క మదనపల్లెలో చెప్పి ఉంటే..." ఆయన పూర్తి చేయలేదు. "సూది మొదలుపెడుతున్నా. ఇంకొకటి వినండి. బిళ్లలు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఆపిన నెత్తురు ఇప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. పలచబడే సూది మీద దిగుతుంది. ఆగకపోతే గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. లేడీ డాక్టరుకు కబురు పెట్టాను. రక్తం కావాలి. మీలో ఎవరిస్తారు?"

"నేను," అన్నాడు కొండప్ప.

"మీ వయసుకు తీసుకోం."

అందరూ మురళీధర్ వైపు చూశారు. అతను చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. వార్డుబాయ్ వెంట పోయాడు. వెనక్కి చూడలేదు. చూడటానికి ముఖం ఉంటే కదా.

కొండప్ప ఈశ్వరమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుందేమో.

"నా పెండ్లాం తెలియని వాళ్ల చేతిలో పాయ," అన్నాడు. "ఏం జబ్బో ఎవురికీ తెలీదు. వేపాకు కట్టిరి. మీకు తెలుసు. తెలిసి మెట్లని చెప్తిరి."

"చెప్తి కదా అన్నా ఇప్పుడు. దీపం పోయినా పోనీ అని అందరి ముందర చెప్తి కదా."

"చెప్తివి. దండం పెట్టల్లనా?"

ఆయన కూతురి మంచం దగ్గరకు పోయాడు. నర్సు చేతికి సూది గుచ్చుతోంది. మునీశ్వరి కళ్లు తెరిచే ఉన్నాయి. ఇప్పుడు ఎవరి వైపూ తిరగడం లేదు.

ఈశ్వరమ్మ వరండాలోకి వచ్చి నేల మీద చతికిలపడింది. వెనకే రామలక్ష్మమ్మ వచ్చింది.

"రావే," అంది ఈశ్వరమ్మ, తల ఎత్తకుండా. "విన్నావు కదా. పో. బస్సెక్కి పోయి ఊరంతా చాటు. పెద్దింటోళ్లు గంగమ్మను మోసం చేసిరని చెప్పు. దీపం మీదే. నీ కోడలి నెత్తిన పెట్టుకో."

రామలక్ష్మమ్మ కదలలేదు.

"ఏం, ఇంగా ఏం కావల్ల? నా నోటితోనే ఇంగోసారి వినల్లనా?"

"అక్కా."

ఆ గొంతు వేరేగా ఉంది. ఈశ్వరమ్మ తల ఎత్తింది. రామలక్ష్మమ్మ పెదాలు తెల్లబడి ఉన్నాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. తీసింది.

"డాక్టరు ముందర నువ్వు చెప్పింది ఏమి? తలకాయి నొప్పి ముందొస్తాదనా?"

"నీకెందుకు?"

"మీ కోడలికి గడ్డలుండాయి, ఆ పొద్దుకు కుదరదు, దీపం మా ఇంటికే వస్తాదని నేను... వస్తే మా కోడలు అశ్విని బయటుండకూడదు కదా. అందుకని..."

ఈశ్వరమ్మ లేచి నిలబడింది.

"ఏమి పెట్టినావే దానికి?"

"అవే. చీటీ అడగని షాపులో మా కొడుకు పవన్ తెచ్చె. జాతర ఎనక్కి జరగతానే ఉండె. ఆపేదానికి నాకు మనసు రాలా. నిన్నట్నుంచి తలకాయి పగిలిపోతాందని పండుకోనుండాది అక్కా. వాంతి చేసుకునింది. నాటకాలాడబాకే అని తిట్టి వస్తి. మీ కోడలికి ఏం జబ్బో తెలుసుకుందామని జీపెక్కితి. నాకు అప్పుడే భయం..."

"ఫోనెక్కడ?" అంది ఈశ్వరమ్మ. "మీ ఇంటికి ఫోనుండాది కదా. నడువు. నడువే!"

గేటు బయట ఎస్టీడీ బూతు ఉంది. ఇద్దరు ముసలమ్మలు పరుగెత్తారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పట్టుకున్న సంగతి ఇద్దరికీ తెలియదు. బూతులో కుర్రవాడు నంబరు కలిపాడు. మోగింది. చాలాసేపు మోగింది.

"అలో. ఎవురు?"

"పవనా, నేను. అశ్విని యాడుండాది? బిళ్లలు వెయ్యబాకండి. ఇంగ ఒక్కటి కూడా వెయ్యబాకండి. దానికి ఫోనియ్యి. నేను మాట్లాడల్ల."

"ఏమి మా, అట్ల అరస్తాండావు? ఇంత పొద్దెక్కినా లెయ్యలేదని ఇప్పుడే లేపి కూర్చోబెడ్తి. ఉండు, ఇస్తా. ఇదో అశ్వినీ, మా అమ్మ. పట్టుకో."

టక్కున శబ్దమైంది. ఫోను నేల మీద పడ్డట్టుంది. మళ్లీ తీశారు. మళ్లీ పడింది.

"అలో, పవనా? ఏమైతాంది రా?"

"ఏం లేదు మా. నిద్రమత్తులో ఉండాది మాదిరుంది." కొడుకు నవ్వుతున్నాడు. "రెండుసార్లు చేతికిస్తి. పట్టుకోడంలేదు. చెయ్యి అట్లే జారిపోతాంది."